గీకని గోడకు వెల్ల నిలువదు

పఠనభాగములు: లేవీయకాండము 14:33–53, మత్తయి 5:23–24



డిసెంబరు మాసము సమీపించగానే మన గృహములలో ఒక సందడి మొదలగును. పెట్టెలు, మంచములు వాకిటిలోనికి వచ్చును. అటకమీది సామాను దిగును. సున్నపు తొట్టి, నారకుంచె, నిచ్చెన లోపలికి ప్రవేశించును. పేదవాడు గుప్పెడు నీలిమందు కలిపి వెల్ల వేయించుకొనును. కలిగినవాడు లప్పము పెట్టించి, ప్రైమరు కొట్టించి, డబ్బాల రంగు వేయించుకొనును. ప్రభువు జన్మదినమునకు ఇల్లు శుభ్రముగా నుండవలెనను కోరిక మంచిదే. దానిని నేను ఆక్షేపించను. అయితే ఆ పనిలోనే ప్రభువు నాకు నేర్పిన పాఠమొకటి యున్నది. అది నాకు సిగ్గు కలిగించునదైనను మీకు మేలు కలుగునేమోయని వ్రాయుచున్నాను.

సేవనుండి విశ్రాంతి పొందిన తరువాత నేను మా తండ్రిగారి ఇంటికి వచ్చి కాపురముంటిని. ఆ ఇంటిని మా అన్నగారును నేనును చెరిసగము పంచుకొంటిమి. నడుమ ఒకే గోడ. అటు వారు, ఇటు మేము. పెరటిలో ఒక గజము స్థలము విషయమై మాకు మాట పట్టింపు వచ్చెను. ఆరు సంవత్సరములు మేము ఒకరితోనొకరు మాటలాడలేదు. ఒకే మందిరములో ఆరాధించితిమి, ఒకే బల్లయొద్ద ప్రభురాత్రి భోజనము పుచ్చుకొంటిమి; కాని వాకిటిలో ఎదురుపడినప్పుడు తల త్రిప్పుకొంటిమి. అర్పణము తెచ్చినవాడు మొదట సహోదరునితో సమాధానపడవలెనని ప్రభువు చెప్పిన మాటమీద నేను ఎన్ని ప్రసంగములు చేసితినో లెక్కలేదు.

ఆ నడిమి గోడమీద ఒక మరక యుండెను. ఏటేట క్రిస్మసుకు వెల్ల వేయింతును. రెండు మాసములలో అక్కడ చెమ్మ తేలి, ఉప్పు పొంగి, పెచ్చులు ఊడును. అన్నగారి స్నానాల గది ఆ గోడకు ఆనుకొని యున్నందున తడి అక్కడినుండియే వచ్చుచున్నదని నిశ్చయించుకొంటిని. వచ్చిన బంధువులతో, "ఆ పక్కవారి నీళ్లండీ, మేమేమి చేయగలము" అని చెప్పుకొనుచుంటిని. నా అన్నను "పక్కవారు" అని పిలుచుటకు నా నాలుక అలవాటుపడెను.

గడచిన సంవత్సరము నవంబరులో వచ్చిన మేస్త్రి వృద్ధుడు. మరకమీద అరచేయి ఆనించి చూచి, "అయ్యగారూ, దీని మీద నేను సున్నం వెయ్యనండీ" అనెను. "కూలి ఇచ్చుచున్నాను గదా, వేయుటకేమి?" అంటిని. "వేస్తే మీకు పండుగ దాకా తెల్లగా ఉంటుంది. ఆ తర్వాత నా పని బాగోలేదంటారు. ముందు గీకాలండీ" అనెను.

ప్రియులారా, వెల్ల ఎట్లు పనిచేయునో ఆలోచించుడి. పల్నాటిలోని పిడుగురాళ్ల వంటి చోట్ల సున్నపురాయిని బట్టీలలో కాల్చుదురు. అట్లు కాల్చినప్పుడు ఆ రాతిలోని బొగ్గుపులుసు గాలి వెడలిపోవును. కాలిన రాతిమీద నీళ్లు పోయగా అది సలసల కాగి, పగిలి, మెత్తని ముద్దయగును. దానిని పలుచచేసి గోడకు పూసినప్పుడు, పోగొట్టుకొన్న ఆ వాయువునే గాలిలోనుండి మెల్లమెల్లగా తిరిగి తీసికొని మరల రాయియగును. కావున వెల్ల వట్టి రంగు కాదు. అది గోడమీద ఏర్పడు పలుచని రాతిపొర. అయితే అది దేనిని తాకునో దానినే పట్టుకొనును. గోడను తాకినయెడల గోడను పట్టుకొనును. దుమ్మును తాకినయెడల దుమ్మును పట్టుకొని దుమ్ముతోకూడ రాలిపోవును. లోపము సున్నములో లేదు. సున్నమునకును గోడకును నడుమ మనము విడిచిపెట్టిన దానిలో నున్నది.

దేవుని కృపయు ఇట్టిదే. కృపలో కొరతలేదు. అయినను ఎన్ని ఉజ్జీవకూటములకు వెళ్లినను, ఎన్ని తీర్మానములు చేసికొన్నను, అవి ఫిబ్రవరి రాకమునుపే మననుండి పెచ్చులుగా ఊడిపోవుచున్నవేల? ఒప్పుకొనని పాపముమీద పూసికొంటిమి గనుక.

ఇప్పుడు లేవీయకాండము పదునాలుగవ అధ్యాయము చూడుడి. ఇశ్రాయేలీయులు అప్పటికి గుడారములలో నుండిరి. వారికి గోడలే లేవు. అయినను కనానులో వారు కట్టుకొనబోవు, కాపురముండబోవు ఇండ్ల గోడలనుగూర్చి దేవుడు ముందుగానే ఆజ్ఞ ఇచ్చెను. గోడలో పచ్చనిదిగాని ఎర్రనిదిగాని మచ్చ కనబడి లోతుగా దిగియున్నయెడల ఏమి చేయవలెను? అక్కడ మూడు మెట్లున్నవి.

మొదటిది, ఇంటి యజమానుడే యాజకునియొద్దకు వెళ్లి చెప్పవలెను. పొరుగువాడు చెప్పుట కాదు, యాజకుడు వెదకి పట్టుకొనుట కాదు. నా ఇంటిలో మచ్చవంటిది కనబడుచున్నదని తన నోటితో తాను చెప్పవలెను. నేనైతే ఆరు సంవత్సరములు ఆ మచ్చ పక్కవారిదని చెప్పితిని.

రెండవది, యాజకుడు చూచుటకు రాకమునుపు ఇల్లు ఖాళీ చేయవలెను. ఇంటి సామానంతయు అపవిత్రమని ఎంచబడకుండునట్లు దేవుడు ఈ కనికరము చూపెను. మన దేవుడు మన ఇంటిని నాశనము చేయుటకు వచ్చు తనిఖీదారుడు కాడు. మన చెంబును చాపను సహా కాపాడ గోరు తండ్రి.

మూడవది, ఏడు దినములు కనిపెట్టి, మచ్చ వ్యాపించినయెడల ఆ రాళ్లను ఊడదీసి, గోడలు లోపల చుట్టు గీకించి, ఆ పెళ్లలను ఊరివెలుపల పారబోసి, వేరు రాళ్లు చేర్చి, వేరు అడుసుతో పూయవలెను. గీకుట ముందు, పూత తరువాత. ఈ వరుసను తారుమారు చేసినవారిని గూర్చియే యెహెజ్కేలు పదుమూడవ అధ్యాయములో ప్రవక్త హెచ్చరించెను. సమాధానము లేని చోట సమాధానమని పలుకుట బలహీనమైన గోడకు పైపూత పూయుటవంటిదని, వాన వడగండ్లు గాలి వచ్చినప్పుడు గోడయు పూతయు కూలునని చెప్పెను. మన ప్రభువును పరిసయ్యులను సున్నము కొట్టిన సమాధులతో పోల్చెను. పైకి తెలుపు, లోపల ఎముకలు.

మేస్త్రి గీకుట ప్రారంభించెను. పొర తరువాత పొర రాలెను. పొరపొరకు ఒక క్రిస్మసు! నీలపు తెలుపు, లేత పసుపు, ఆకుపచ్చ. అన్నిటికంటె అడుగున మా తండ్రిగారి కాలపు గుల్లసున్నము. అది మాత్రము గట్టిగా గోడను పట్టుకొనియుండెను. పొరలన్నియు పోయిన తరువాత తడి వచ్చిన త్రోవ కనబడెను. అది అన్నగారి గదినుండి అడ్డముగా రాలేదు; పైనుండి నిలువుగా దిగియుండెను. మేస్త్రి నిచ్చెన వేసికొని డాబా ఎక్కి, "అయ్యగారూ, ఒకసారి పైకి రండి" అని పిలిచెను. నా వైపు డాబామీద వాననీళ్లు పోవు తూము వేపాకులతో పూడిపోయియుండెను. నీళ్లు పిట్టగోడ మొదట నిలిచి, పగులులోనుండి నడిమి గోడలోనికి దిగుచుండెను. ఆ నీళ్లు నావి. ఆ తూము నాది. ఆ ఆకులు తీయని చేతులు నావి.

డాబామీద నిలువబడి ఎంతసేపుంటినో నాకు తెలియదు. దిగివచ్చి, చెప్పులైన తొడుగుకొనక అన్నగారి గుమ్మముయొద్దకు పోతిని. వదినగారు తలుపు తీసి ఏమియు అనక ప్రక్కకు తొలగిరి. అన్నగారు కుర్చీలో కూర్చుండియుండిరి. ఆయన వెనుక, అదే గోడకు అవతలి ముఖమున, అదే మరక యుండెను. "అన్నయ్యా, తప్పు నాదే. నీళ్లు నా వైపునుంచే దిగుతున్నాయి" అంటిని. ఆయన చాలసేపు నా మొగము చూచి, "నేనూ ఏటేటా దీనికి సున్నం వేయిస్తూనే ఉన్నానురా" అనిరి. ఆ మాటకు నేను ఏడ్చితిని. ఆరు సంవత్సరములు ఒకే గోడకు ఇటు నేను, అటు ఆయన ఒకే మరకను కప్పుచుంటిమి.

పెరటి గజము మాట ఏమాయెనని మీరడుగవచ్చును. ఆ దినమున దానిని మేము ఎత్తలేదు. తరువాత ఎత్తినప్పుడు అది గజమంతయే యుండెను, అంతకుమించి లేదు.

తూము శుభ్రము చేయించి పగులు పూడ్పించితిమి. వెంటనే వెల్ల వేయుమనగా మేస్త్రి మరల ఒప్పుకొనలేదు. నానిన గోడ లోపలివరకు ఆరవలెను; ఆరకమునుపు వేసినయెడల లోపలి తడి పూతను త్రోసివేయును. కావున ఆ క్రిస్మసుకు ఆ గోడ ఇటుకలు కనబడుచు బోసిగానే యుండెను. చుట్టు మూడు గోడలు తెలుపు, ఒకటి గాయమువంటిది. వచ్చినవారందరు, "అయ్యో, పని పూర్తికాలేదా?" అని అడిగిరి. ఆ గోడ క్రిందనే చాపమీద మా అన్నగారు నాతోకూడ భోజనమునకు కూర్చుండిరి. నా జీవితములో నా ఇంటికి అంతకంటె మంచి అలంకారము నేనెరుగను. క్షమాపణ ఒక గడియలో దొరకును. ఆరుటకు మాత్రము కాలము పట్టును. సమాధానపడిన మరునాడే అంతయు తెల్లగా కనబడవలెనని తొందరపడకుడి.

ఈ వేసవిలో ఆ గోడ ఆరెను. కొత్త అడుసుతో మెత్తి, అదియు ఆరిన తరువాత, గోడను తడిపి, చిక్కని పూత ఒకటి కాక పలుచని పూతలు రెండు వేయించితిమి. నిలిచియున్నది.

ఇండ్లు సిద్ధపరచుకొనుచున్న మీకు మరి రెండు మాటలు. పాత తలుపులకు, కిటికీలకు ఎన్నడో వేసిన నిగనిగలాడు రంగులలో సీసము ఉండవచ్చును. అది పిల్లల మెదడుకు హాని చేయును. మన దేశములో 2016లో చేయబడిన నియమముల ప్రకారము 2017 నవంబరు 1 నుండి ఇండ్ల రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదు. కాని పాత పొరలు పాతవే. వాటిని పొడిగా రుద్దక, తడిపి తీయుడి. పిల్లలను, గర్భిణీ స్త్రీలను దూరముగా నుంచి, ఆ పొడిని తడిగుడ్డతో ఎత్తివేయుడి. మెరుపును చూచి మనము మెచ్చుకొన్న దానిలోనే విషముండవచ్చును. రెండవది, మేస్త్రి కూలి పండుగకు ముందే చెల్లించుడి. యిర్మీయా ఇరువది రెండవ అధ్యాయములో కూలి ఇయ్యక పనిచేయించుకొని, దేవదారు పలకలు కొట్టించి, ఇంగిలీకపు రంగు వేయించుకొన్న రాజునకు దేవుడు శ్రమ ప్రకటించెను. పనివాని కన్నీరు కలిసిన రంగు ఏ గోడకును శోభనియ్యదు.

చివరకు ఇల్లు తెల్లనాయెను. దేనికొరకు? లూకా పదునొకండవ అధ్యాయములో ఊడ్చి అమర్చిన ఇల్లు ఒకటి యున్నది. దానిలో నివసించువాడు లేనందున వెళ్లగొట్టబడిన దయ్యము మరి యేడింటిని వెంటబెట్టుకొని తిరిగివచ్చెను. శుభ్రము చాలదు, యజమానుడు కావలెను. ద్వితీయోపదేశకాండము ఇరువది యేడవ అధ్యాయములో ఇశ్రాయేలీయులు యొర్దాను దాటి పెద్ద రాళ్లు నిలువబెట్టి, వాటికి సున్నము పూసి, ధర్మశాస్త్ర వాక్యములు వ్రాయవలెనని మోషే ఆజ్ఞాపించెను. తెలుపు చూచుకొని మురియుటకు కాదు, వాక్యము స్పష్టముగా కనబడుటకు. మన ఇండ్లలో కొత్త గోడకు మొదటి మేకు వాక్యపు క్యాలెండరుకొరకే గదా కొట్టుదుము. ఆ వాక్యము కాగితముమీదనే నిలిచిపోక మన హృదయములోనికి దిగునుగాక.

ప్రియ చదువరీ, ఈ నెలలో కుంచె చేతబట్టకమునుపు నీ ఇంటి మరకమీద ఒకసారి అరచేయి ఆనించి చూడుము. దానిని గీకించుటకు భయపడకుము. అవసరమైనయెడల నీ డాబా ఎక్కి చూడుము. ఆ తరువాత చెప్పులు వెదకుకొనుచు ఆలస్యము చేయకుము. అవతలి గుమ్మము దూరము కాదు.

ప్రార్థన: పరలోకమందున్న తండ్రీ, మా గోడలను ఎరిగినవాడవు నీవే. మేము కప్పుకొన్న దానిని మాకు చూపుము. మా సహోదరునిమీద మోపిన నేరములో మా పాలు మాకు తెలియజేయుము. గీకబడుటకు ఓర్పును, ఆరుటకు సహనమును, నీ కృపను పట్టుకొను శుద్ధహృదయమును మాకనుగ్రహించుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.