కుక్రీ కత్తియు, మన అహింసయు



మన బజారులలో రాత్రిపూట కావలి తిరుగు గూర్ఖాను ఎరుగనివారుండరు. చేత కఱ్ఱ, నోట ఈల, కొందరికి నడుమున ఒక వంకర కత్తి. ఆ కత్తి పేరు కుక్రీ. చీమకైన హాని చేయరాదను వ్రతము గల మనము కొట్టుకు తాళము వేసి, ఆ ఈల వినుచు నిశ్చింతగా నిద్రింతుము. ఈ నిద్రలో దోషమున్నదా అనునదే నా ప్రశ్న.

మొదట కత్తి సంగతి చెప్పెదను. కుక్రీ నేపాళ దేశపు కొండజనుల పనిముట్టు. దాని అలుగు ముందుకు వంగి, కొనకు ముందు వెడల్పగును. బరువు ముందువైపు ఉండుటచే కొద్ది బలముతోనే లోతుగా తెగును. ఒరనుండి తీసిన కుక్రీ రక్తము చూడక మరల ఒరలో చేరదని ఒక మాట వాడుకలో ఉన్నది. అది కట్టుకథ. ఆ కొండ ఇండ్లలో దానితోనే కూరలు తరుగుదురు, కట్టెలు కొట్టుదురు, పొలము గట్టున పొదలు నరుకుదురు. దసరాకు పశువును బలి యిచ్చుటయు దానితోనే. యుద్ధములో శత్రువును ఎదుర్కొనుటయు దానితోనే.

మన శాస్త్రములు గృహస్థునకు చెప్పిన నాలుగు విధముల హింసయు ఈ ఒక్క కత్తిలోనే కనబడుచున్నది. వంటపనిలోనిది ఆరంభి, వృత్తిపనిలోనిది ఉద్యోగి, ఎదిరించి కాచుకొనుటలోనిది విరోధి, కోరి చంపుటలోనిది సంకల్పి. కడపటిది గృహస్థుడు పూర్తిగా విడువవలెను. తక్కిన మూడింటిని వీలైనంత తగ్గించుకొనవలెను. ఇనుము ఒక్కటే. దానిని పట్టిన చేతి వెనుకనున్న భావమే వేరు.

1814 మొదలు 1816 వరకు నేపాళముతో యుద్ధము చేసిన ఆంగ్లేయులు, ఆ యుద్ధము ముగియకముందే, 1815లోనే, గూర్ఖాలను తమ సేనలో చేర్చుకొనసాగిరి. 1947లో ఆ పది రెజిమెంట్లలో ఆరు మన దేశమునకు వచ్చినవి. తుపాకి ఉండగా కత్తి యెందుకని అడుగవచ్చును. అడవిలో, చీకటిలో, కందకములో శత్రువు మూరెడు దూరమున నిలిచినపుడు తుపాకి ఎత్తి గురి చూచు వ్యవధి యుండదు. 1945 మార్చి 5వ తేదీన బర్మాలో భాన్‌భక్త గురుంగ్ అను సైనికుడు ఒక్కడే కందకము తరువాత కందకము పట్టుకొనుచు పోయి, పొగ బాంబులకు బయటికి వచ్చిన ఇద్దరు జపాను సైనికులను కుక్రీతో చంపెను. అతనికి విక్టోరియా క్రాస్ లభించెను.

2010 సెప్టెంబరులో మౌర్య ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు నలుబదిమంది దొంగలు ప్రయాణికులను దోచి, ఒక యువతిపై అత్యాచారమునకు పూనుకొనిరి. ఇంటికి పోవుచున్న విష్ణు శ్రేష్ఠ అను గూర్ఖా సైనికుడు కుక్రీ దూసి ఎదిరించెను. దొంగలలో ముగ్గురు మరణించిరి. అతని చేయి గాయపడెను, ఆ బాలిక దక్కెను. అది విరోధి హింస. కళ్లు మూసుకొని కూర్చుండిన వానిని అహింసావ్రతి యందునా? అననేరను.

అయితే నన్ను కలతపెట్టునది వారి సంగతి కాదు, మన సంగతి. కత్తి పట్టినవాడు ఎదుటివాని ముఖము చూచును, వాని ఊపిరి వినును. తుపాకి పేల్చువాడు అంత దగ్గరగా చూడడు. మనమో, మరింత దూరమున గద్దెమీద కూర్చుండి, పత్రికలో ఆ వార్త చదివి "భేష్" అందుము. దూరము పెరిగినకొలది పాపము తగ్గునని లెక్క వేసికొందుము. మన ధర్మము ఆ లెక్క ఒప్పుకొనదు. తాను చేసినది కృతము, పరునిచే చేయించినది కారితము, చేసినవానిని మెచ్చుకొన్నది అనుమోదనము. మూడును ఖాతాలో పడును. కావలివానికి నెల రూకలిచ్చి, అతని కత్తితో మనకు పని లేదనుట దొంగలెక్క వ్రాయుటయే.

కావలి మాన్పింపుమని నేననను. సరిహద్దున సైనికుడు వలదనను. అట్లనినచో నేనే అబద్ధీకుడనగుదును. లెక్క సరిగా వ్రాయుదమనుచున్నాను. కావలివానిని మనకు బదులు భారము మోయువానిగా ఎంచి, తగిన జీతమిచ్చి, అతని కష్టసుఖములు విచారింతము. యుద్ధకథలు పిల్లలకు చెప్పునపుడు ధైర్యమును మెచ్చుకొందము, చంపుటను రుచిగా చెప్పకుందము. హింసాదానము వ్రతభంగమని, ఆయుధముల అమ్మకము విషవాణిజ్యములో చేరునని పెద్దలు చెప్పిరి గనుక, లాభమెంత వచ్చినను ఆ సరకు మన అంగడికి రానీయకుందము. ప్రతిక్రమణలో మన చేతి తప్పులతోపాటు మనకొరకు ఇతరులు చేసిన వానిని కూడ తలచుకొందము.

గంగరాజుల సేనాపతి చాముండరాయడు జైనుడే, యుద్ధములు చేసినవాడే. అతడు శ్రవణబెళగొళలో నిలిపినది మాత్రము గెలిచిన రాజు విగ్రహము కాదు; గెలుపు చేతికందిన క్షణమున దానిని విడిచిన బాహుబలి విగ్రహము. కత్తి పట్టక తప్పని ఆ సేనాపతి కూడ తన కన్నులెదుట ఏమి నిలుపుకొనవలెనో ఎరిగియుండెను.

జై జినేంద్ర.