పెద్ద కారు తలుపు ఎవరికి తెరుచుకుంటుంది?



బేతంచెర్లలో నాపరాళ్ల వ్యాపారం కలిసివచ్చి నాలుగు డబ్బులు మిగిలిన ఏడు, ఇంటి ముందు పెద్ద కారు ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. కొత్తది కొనే స్తోమత లేకపోతే పాత బెంజో, పాత కాంటెస్సాయో చూస్తాము. 1984లో వచ్చిన కాంటెస్సా తయారీ 2002లో ఆగిపోయింది. కనుక ఈనాడు దొరికేది ఎంత మెరిసినా ఇరవై ఏళ్లు దాటినదే.

పాత వస్తువును పారవేయక జాగ్రత్తగా వాడుకోవడం మంచి గుణమే. కాని కొన్న ధర వేరు, పోషించే ఖర్చు వేరు. పదిహేనేళ్లు దాటిన కారుకు ఐదేళ్లకొకసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పెట్రోలు, టైర్లు, విడిభాగాలు సరేసరి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు బోధించారు (లూకా 14:28).

ఆ లెక్కలో బండలు కోసే కూలీలకు ఇవ్వవలసిన కూలిని, కూతురి కాలేజీ ఫీజును కూడా వ్రాయండి. అవి ఆగిపోయి కారు మాత్రం నడుస్తూ ఉంటే, ఆ ఇంటికి యజమాని ఎవరు? మనిషికి సాధనం కావలసిన వస్తువుకు మనిషే సాధనమైపోయాడన్నమాట.

1964 డిసెంబరులో బొంబాయి దివ్యసత్ప్రసాద మహాసభకు విచ్చేసిన ఆరవ పౌలు పాపుగారు, తాము వాడిన తెల్లని లింకన్ కారును తిరిగి వెళుతూ మదర్ తెరెసాకు బహూకరించారు. ఆ తల్లి దానిని తన ప్రయాణాలకు ఉంచుకోలేదు. లాటరీ పెట్టించి, వచ్చిన సొమ్మును బెంగాలులో కుష్ఠురోగుల కోసం కట్టిన శాంతినగర్‌కు వినియోగించారు. ఒక విలాసవంతమైన కారు రోగులకు నీడ అయింది.

మీ కారును అమ్మివేయమని నేను చెప్పడం లేదు. అర్ధరాత్రి పక్కింటి ఆడబిడ్డకు నొప్పులు వస్తే, సీటు మాసిపోతుందని చూడకుండా నంద్యాల ఆసుపత్రికి తీసుకువెళ్లగలరా? ఆదివారం దివ్యబలిపూజకు ఎండలో నడిచి వచ్చే అవ్వ దగ్గర బండి ఆపగలరా? అలా తలుపు తెరుచుకునే కారు ఎంత పెద్దదైనా గర్వానికి గుర్తు కాదు. తెరుచుకోని కారు ఎంత పాతదైనా, ఎంత చవకగా వచ్చినా, అది ఆడంబరమే.

ఈ వారం కుటుంబమంతా కూర్చుని ఈ లెక్క చూసుకోండి. ప్రభువు మీ ఇంటిని, మీ ప్రయాణాలను దీవించునుగాక!