మనుష్యఋణము

రోగికి లభించు చికిత్స దాత కరుణాఫలమా, సమాజము తీర్చవలసిన ఋణమా యను ప్రశ్న రాయ్‌పూర్ నగరమున నన్ను వదలకున్నది. చేరువనున్న నవరాయ్‌పూర్‌లో, పుట్టపర్తి సత్యసాయిబాబా పేర వెలసిన సంజీవని వైద్యాలయమున, హృద్రోగముతో జన్మించిన శిశువులకు శస్త్రచికిత్స ఉచితముగ జరుగును. అచ్చట రొక్కము చెల్లించు కిటికీయే లేదు. బిడ్డ పెదవుల నీలిమ తొలగుట చూచిన తల్లికి నా తత్త్వవిచారముతో పనిలేదు. ఆ కరుణకు చేతులు జోడింతును. అయినను దాత యున్నచోటనే ప్రాణము నిలుచుట ధర్మమనిపించుకొనునా? ఇదే రాష్ట్రమున దల్లీరాజహరా గనికార్మికులు 1983లో షహీద్ ఆసుపత్రిని స్థాపించుకొని, చికిత్సను యాచింపక తామే సమకూర్చుకొనిరి.

తెలుగునాట 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీయు, అమెరికాలో 1965లో వృద్ధులకొరకు వెలసిన మెడికేరును, 2010లో ఒబామా సంతకము చేసిన ఆరోగ్యబీమా శాసనమును, ఈ చికిత్సాభారమును రాజ్యముపై నుంచుటకు జరిగిన యత్నములే. సంపన్నమైన ఆ దేశమున దీనిని వ్యక్తిస్వేచ్ఛకు భంగమని వాదించువారు నేటికిని గలరు. పన్ను చెల్లించువాని స్వేచ్ఛను నేను తేలికగా త్రోసివేయను. కాని వైద్యుని రుసుమునకు వెరచి జ్వరముతో గడపదాటలేనివాడు ఏ స్వేచ్ఛ ననుభవించుచున్నాడు?

శతపథబ్రాహ్మణము దేవ, ఋషి, పితృ ఋణములతోపాటు మనుష్యఋణమును గూడ పేర్కొని, అన్నము, ఆశ్రయము నొసగుటచే అది తీరునని చెప్పినది. ఔషధమును ఆ కోవలో చేర్చుటకు నాకు సంకోచము లేదు.