గెలవని దీప్తి సంగతేమిటి?

2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్ మహిళల 400 మీటర్ల టి20 పరుగులో జీవాంజి దీప్తి 55.82 సెకన్లలో గమ్యం చేరి కాంస్యం గెలిచింది. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం అది. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ ఆమె ఊరు. అదే ఏడు మే నెలలో జపాన్‌లోని కోబెలో ఇదే దూరాన్ని 55.07 సెకన్లలో పరుగెత్తి, ప్రపంచ రికార్డుతో ప్రపంచ విజేత అయింది. 2023 హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల స్వర్ణమూ ఆమెదే.

ఈ వార్తలతో పాటు ఒక కథ తప్పకుండా వచ్చింది. చిన్నప్పుడు ఊళ్ళోవాళ్ళు, కొందరు బంధువులు కూడా ఆమెను 'పిచ్చి' అనీ 'కోతి' అనీ పిలిచేవారు. అనాథాశ్రమంలో వదిలెయ్యమని తల్లిదండ్రులకు సలహా చెప్పారు. కోబె తర్వాత తల్లి విలేకరులతో ఆ సంగతులన్నీ చెబుతూ, నా కూతురు నిజంగానే ప్రత్యేకమైన పిల్ల అని ఇప్పుడు రుజువైంది అన్నారు. ఆ తల్లి సంతోషాన్ని తక్కువ చెయ్యను. కానీ ఆ 'రుజువు' అన్న మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. తిట్టినవాళ్ళను ఎవరూ రుజువు అడగలేదు. తిట్లు పడ్డ పిల్లే రుజువు చూపించుకోవలసి వచ్చింది.

ఆ తల్లి ఇంకో మాట కూడా చెప్పారు. బిడ్డ సూర్యగ్రహణం వేళ పుట్టిందనీ, తల చిన్నదిగా, పెదవులూ ముక్కూ కొంచెం తేడాగా ఉండేవనీ. మన భాషలో చీలిన పెదవికి పేరే గ్రహణం మొర్రి. ఇక్కడ నెల్లూరు తీరంలో, చదువుకున్న ఇళ్ళల్లో కూడా, గ్రహణం పూట కడుపుతో ఉన్న కోడలిని బయటికి రానివ్వరు, కత్తిపీట ముట్టనివ్వరు. బిడ్డకు ఏ లోపం కనిపించినా మొదటి ప్రశ్న ఆమెకే: "ఆ పూట బయటికొచ్చినావా, ఏమన్నా తరిగినావా?" వైకల్యానికి కారణం వెతికేటప్పుడు తల్లే తొలి ముద్దాయి. తండ్రి ఆ పూట ఎక్కడ తిరిగాడో ఎవరూ అడగరు.

దీప్తి ప్రతిభను ఊళ్ళోని బడి గుర్తించింది. కోచ్ నాగపురి రమేష్ హైదరాబాద్ పంపమంటే బస్సు చార్జీలకు కూడా ఇబ్బంది పడిన కూలీల కుటుంబం వాళ్ళది. పారిస్ తర్వాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. ఇవన్నీ ఆమెకు దక్కవలసినవే. నా ప్రశ్న వేరు. ఆమె 55 సెకన్ల పిల్ల కాక 75 సెకన్ల పిల్ల అయివుంటే, 'పిచ్చి' అన్న పిలుపు న్యాయమయ్యేదా?

కాదని అందరం వెంటనే అంటాం. అయినా స్ఫూర్తి కథలన్నీ దాన్నే ఒప్పుకుంటాయి. చూశారా, మీరు అనుకున్నట్టు కాదు, ఈమె గెలిచింది అంటాయి. అంటే అవమానం తప్పు కాలేదు, అంచనా మాత్రమే తప్పయింది.

ఇందులో ఇంకో చిక్కుంది. టి20లో పరుగెత్తాలంటే వైకల్యాన్నీ రుజువు చేసుకోవాలి. ఐక్యూ 75కు మించకూడదు, ఇంకా పరీక్షలుంటాయి. 2000లో సిడ్నీలో స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు వైకల్యం లేనివాళ్ళతో ఆడి మోసం చేసింది. ఆ దెబ్బకు ఈ క్రీడాకారులందరూ 2012 లండన్ దాకా పారాలింపిక్స్‌కు దూరమయ్యారు. తనిఖీ ఎందుకో అర్థమవుతుంది. అయినా ఊరు ఎగతాళి చేసిన లోటునే కాగితం మీద ఒప్పించుకుంటే తప్ప ఊరు మెచ్చే పతకం రాదన్నది మింగుడుపడదు. రమేష్ శిక్షణలోనే హైదరాబాద్‌లో పరుగెత్తిన ఒడిశా అమ్మాయి ద్యుతీ చంద్‌ను 2014లో హార్మోన్ల పేరుతో పక్కన పెట్టినప్పుడు ఆమె తన ఆడతనం కోసమే క్రీడా న్యాయస్థానం దాకా పోవలసి వచ్చింది. ఆ వివాదాలు వేరు, నియమాలు వేరు. రుజువులు మోసేది మాత్రం అమ్మాయిలే.

పతకం వల్ల మార్పేమీ రాదా అంటే, వస్తుంది. ఎక్కడో ఒక తల్లి తన బిడ్డను ఇంట్లో దాచకుండా మైదానానికి తీసుకురావచ్చు. ఆ బిడ్డ ఆఖరున రావచ్చు కూడా. అప్పుడు ఆ తల్లికి చెప్పడానికి మన దగ్గర ఏ కథ ఉంది? కోబెలో దీప్తి నెలకొల్పిన రికార్డు నాలుగు నెలలు కూడా నిలవలేదు, పారిస్ హీట్స్‌లోనే టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ 54.96తో దాన్ని దాటేసింది.