పిడికెడు గింజలు, చేతి నిండా పళ్లు



ఈ వారం మన వీడియోలో చిన్ని కృష్ణుడు, పళ్లమ్మే ఆవిడ కథ చెప్పుకున్నాం. వ్యాస భాగవతం దశమ స్కంధం పదకొండో అధ్యాయంలో రెండే రెండు శ్లోకాల్లో అయిపోతుంది ఆ కథ. వీధిలో పళ్లమ్మే కేక వినపడగానే కృష్ణయ్య రెండు చేతుల్లో ధాన్యం పట్టుకుని పరుగెత్తుతాడు. పెద్దవాళ్లు ఏదో ఇచ్చి ఏదో తీసుకోవడం చూశాడు కదా! చిన్న చేతులు. దారి పొడుగునా గింజలు రాలిపోయాయి. ఆమె మాత్రం ఆ చేతుల నిండా పళ్లు పెట్టింది. ఆమె బుట్ట రత్నాలతో నిండిపోయింది.

మనం ఎప్పుడూ రత్నాల దగ్గరే ఆగి దండం పెట్టుకుంటాం. నాకు మాత్రం ఈమధ్య రత్నాలకు ముందు క్షణమే గుర్తొస్తోంది. ఆవిడ దానం చేయడానికి రాలేదు. అమ్ముకోవడానికి వచ్చింది. గింజలిస్తే పళ్లిచ్చే బేరం అది. అలాంటిది, ఎదురుగా ఉన్న చేతుల్లో గింజలు ఎన్ని మిగిలాయో ఆవిడ లెక్క చూడలేదు. నేను చూశాను. అందుకే ఈ పోస్టు.

పోయినేడాది మా టీమ్‌లో నలుగురిని ఒకే రోజు ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను ఉంచారు. ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు. రాత్రిళ్లు కూర్చుని లెక్కలు వేసేవాడిని. ఆరు నెలల ఈఎంఐ ఎంత, అమ్మానాన్నల మందులకి ఎంత, బియ్యం ఎన్ని బస్తాలు తెచ్చి పెట్టాలి. యాజ్ఞవల్క్య స్మృతిలో గృహస్థులను దాచుకున్న ధాన్యాన్ని బట్టి వరుసగా చెబుతారు. గాదె నిండా దాచినవాడు, కుండలో దాచినవాడు, మూడు రోజులకి ఉన్నవాడు, రేపటికి ఏమీ లేనివాడు. ఈ వరుసలో వెనకవాడే గొప్పవాడట. నేను మాత్రం గాదె వాడిని, అది కూడా గూగుల్ షీట్‌లో.

ఆ భయంలోంచే మా అపార్ట్‌మెంట్ మిద్దెతోట పుట్టింది. హిమాయత్‌నగర్‌లో టీటీడీ బాలాజీ గుడికి నడిచి వెళ్లేంత దూరంలో మా బిల్డింగ్. పాతది, పదహారు ఫ్లాట్లు. మిద్దెతోట అనే మాట మనలో చాలామందికి కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి వల్ల అలవాటైంది. నారపల్లిలో ఆయన తన ఇంటి పైకప్పు మీద పండించి చూపించారు. నేను ఆ వీడియోలు చూసి, పాత బకెట్లు, పెయింట్ డబ్బాలు, గ్రో బ్యాగులు పోగేశాను. తోటకూర, గోంగూర, బచ్చలి, టమాటా, వంగ, పందిరి మీద సొర. నిజం చెప్పాలంటే దీంతో పదహారు కుటుంబాలు బతకవు. ఆకుకూరలు బాగా వస్తాయి, మిగతావి కొద్దికొద్దిగా. కరువు వస్తే మమ్మల్ని కాపాడేది ఆ నాలుగు టమాటాలు కాదు, పైకి ఎక్కినప్పుడు ఒకరికొకరు తెలియడం. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

తోటతో పాటు ఇచ్చిపుచ్చుకోవడాలు మొదలయ్యాయి. ఒకరు పచ్చడి పెట్టిస్తే ఇంకొకరు వాళ్ల పిల్లాడికి లెక్కలు చెప్పడం, బ్లౌజు కుట్టినందుకు సొరకాయ ఇవ్వడం, ఇలాగన్నమాట. ఇక్కడ నా ఇంజనీర్ బుర్ర ఊరుకోలేదు. పాయింట్లు పెట్టాను. కిలో టమాటాకి నాలుగు, ఒక గంట నీళ్లు పోస్తే రెండు, ఆకుకూర కట్టకి ఒకటి. నెలాఖరుకి బ్యాలెన్స్ వస్తుంది. మైనస్ అయితే ఎర్ర రంగు. అందరూ మెచ్చుకున్నారు కూడా.

రెండో అంతస్తులో పిన్నిగారు ఉంటారు. బాబాయిగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లవుతోంది, మంచం మీదే. ఆయన్ని వదిలి గంటసేపు పైకి రాలేరు ఆవిడ. వచ్చే పెన్షన్ మందులకే చాలదు. వారానికి రెండు మూడు కట్టల ఆకుకూర మేమే పంపేవాళ్లం. షీట్‌లో ఆవిడ పేరు ఎదురుగా మైనస్ ముప్పై ఒకటి. ఎర్రగా. నేను గమనించనే లేదు, రంగు దానంతట అదే వస్తుంది కదా.

ఒకరోజు సాయంత్రం పిన్నిగారు మా గుమ్మం ముందుకొచ్చి వంద నోటు పట్టుకుని నిలబడ్డారు. "బాబూ, నా బాకీ ఎంతో చెప్పు నాయనా, తీర్చేస్తాను" అన్నారు. నేను తడబడి, "అది బాకీ కాదు పిన్నిగారూ, బ్యాలెన్స్" అన్నాను. "తేడా ఏముంది నాయనా?" అని అడిగారు. జవాబు తోచలేదు. నోటు తీసుకోలేదు. ఆ రోజు నుంచి ఆవిడ మేం పంపిన ఆకుకూర తీసుకోవడం మానేశారు.

అమ్మ ఆ రాత్రి ఒక్క మాట అంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు మా వెనక సందులో కోచింగ్ పిల్లలు కొందరు చిక్కుకుపోయారు. మెస్సులు మూతపడ్డాయి. అశోక్‌నగర్ చుట్టుపక్కల ఈ పిల్లలు ఎలా బతుకుతారో మీకు తెలుసు, నెలకింతని మెస్సుకి కట్టుకుని, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని. పిన్నిగారు రోజూ ఒక పెద్ద గిన్నెడు సాంబారు, అన్నం చేసి బాబాయిగారి చేత పంపించారు. అప్పుడాయన బాగానే ఉన్నారు. అది నా షీట్‌లో లేదు. నా షీట్ ఈ జనవరిలో మొదలైంది.

ఇంకొకటి కూడా. ఉద్యోగం పోతే ఏ స్థితిలోకి జారిపోతానో అని భయపడి నేను ఇదంతా మొదలుపెట్టానో, పిన్నిగారు ఆ స్థితిలో ఇప్పటికే ఉన్నారు. కష్టకాలం కోసం కట్టుకున్న ఏర్పాటు, కష్టం ముందుగా వచ్చినవాళ్లనే బయటికి పంపింది. మార్చుకోవడానికి చేతిలో ఏమీ లేకపోవడమే కదా కష్టకాలం అంటే!

లెక్క ఇంకాస్త బాగా రాస్తే సరిపోతుందేమో అని కూడా చూశాను. అర్జెంటీనాలో 1995లో కొందరు వస్తుమార్పిడి క్లబ్బు పెట్టుకున్నారు. 2001లో అక్కడ బ్యాంకులు స్తంభించినప్పుడు అవి దేశమంతా పాకాయి. డబ్బుకి బదులు సొంత కాగితపు చీటీలు. ఎంతోమందికి ఆ రోజుల్లో అన్నం పెట్టాయి, అది కాదనలేం. కానీ చీటీలు విపరీతంగా పెరిగి, దొంగ చీటీలు కూడా వచ్చి, 2002లోనే చాలా క్లబ్బులు కుప్పకూలాయి. మనిషిని నమ్మాల్సిన చోట చీటీని నమ్మారు. నాదీ అదే రోగం, చిన్న సైజులో.

"పూర్వం మన ఊళ్లలో డబ్బు లేకుండానే అన్నీ జరిగిపోయేవి, ఎంత బాగుండేదో" అని మన ఛానల్ చూసే పెద్దవాళ్లు చాలామంది అంటుంటారు. ఈ విషయంలో నాకు కాస్త భిన్నాభిప్రాయం ఉంది, క్షమించాలి. అవును, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, చాకలి, మంగలి ఏడాదంతా పనిచేస్తే కళ్లం దగ్గర ధాన్యం కొలిచి మేర ఇచ్చేవారు. కానీ కొలిచే కుంచం ఎవరి చేతిలో ఉండేది? ఎంత ఇవ్వాలో ఎవరు చెప్పేవారు? గింజలు తక్కువైతే అడిగే ధైర్యం చాకలికి ఉండేదా? దాన్ని ఇచ్చిపుచ్చుకోవడం అంటే, ఇచ్చేవాడి వైపు నుంచి చూసి చెప్పినట్టే. డబ్బు లేనంత మాత్రాన అది ధర్మం అయిపోదు.

అసలు పాఠం నాకు మా వాచ్‌మన్ భార్య దగ్గర దొరికింది. వాళ్లది నారాయణఖేడ్ వైపు. మా గోంగూర విత్తనాలు మొలవకపోతే, ఆన్‌లైన్‌లో ఇంకో ప్యాకెట్ ఆర్డర్ పెట్టబోతుంటే చూసి, "మా దిక్కు ఇత్తనాలకు పైసలు తీసుకోరు సార్. తీసుకపోయినోళ్లు పంటొచ్చినంక రెండింతలు తెచ్చిస్తరు" అంది. మర్నాడు కొంగుముడి విప్పి పిడికెడు విత్తనాలు పోసింది. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ల గురించి, సంక్రాంతికి విత్తనాలు ఎడ్లబండ్ల మీద పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర గురించి ఆమే చెప్పింది. సిగ్గుపడాల్సిన సంగతి ఏమిటంటే, తోట పెట్టిన ఎనిమిది నెలల్లో ఆ అక్కని మా వాట్సాప్ గ్రూపులో చేర్చాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. తోటకి రోజూ నీళ్లు పోసేది ఆమే.

ఆమె మాట పట్టుకుని చదివాను. అక్కడ డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పనిచేస్తోంది. డెబ్భై అయిదు దాకా ఊళ్లు, సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. అంటే ఇందాక చెప్పిన కుంచం ఎన్నడూ తమ చేతికి రానివాళ్లు. వానలు సరిగా పడని నేల. బీడు పడ్డ చెలకలను సాగులోకి తెచ్చుకోవడానికి 1990ల మధ్యలో సాయం తీసుకుని, ఆ అప్పును డబ్బుగా కాకుండా జొన్నలుగా తీర్చారు. ఆ జొన్నలు ఊరు దాటి పోలేదు. అక్కడే దాచారు. తిండికి కటకటగా ఉండే నెలల్లో బీదవాళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. ఎవరు బీదవాళ్లో పట్నంలో కూర్చున్న ఆఫీసరు చెప్పలేదు, ఊరివాళ్లే కూర్చుని తేల్చారు. ఎక్కువ లేమి ఉన్న ఇంటికి ఎక్కువ జొన్నలు. విత్తనాలు వెదురు బుట్టల్లో, పేడా మట్టీ అలికి, బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు. జొన్న, కొర్ర, సామ, కంది, అవిసె, ఒకే చెలకలో ఎన్నో రకాలు. ఒకటి ఎండినా ఒకటి నిలబడుతుంది. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది వీళ్లకి. సంస్థని నడిపిన పి.వి. సతీష్ గారు 2023 మార్చిలో కాలం చేశారు.

చూడండి, వాళ్లకి లెక్క లేదని కాదు. విత్తనం తీసుకుంటే తిరిగి ఇవ్వాలి, అది కచ్చితం. కానీ జొన్నలు పంచే దగ్గర వాళ్ల లెక్క నా లెక్కకి తిరగబడి ఉంది. నా షీట్ "నువ్వెంత ఇచ్చావు?" అని అడుగుతుంది. వాళ్లు "నీ ఇంట్లో ఎంత లేదు?" అని అడిగారు.

గీత మూడో అధ్యాయంలో స్వామి చెప్పింది కూడా ఇదే వరసలో ఉందనిపిస్తుంది నాకు. దేవతలు, మనుషులు ఒకరినొకరు పోషించుకోవాలంటాడు. పొందిన దాంట్లోంచి తిరిగి ఇవ్వకుండా తినేవాడిని దొంగ అంటాడు. తన ఒక్కడి కోసమే వండుకునేవాడు పాపం తింటున్నాడంటాడు. ఇది చదివి "చూశారా, తిరిగి ఇవ్వనివాడు దొంగే" అని నా షీట్‌ని సమర్థించుకోబోయాను ముందు. కానీ అక్కడ దొంగ ఎవరు? వాన, నేల, వెలుతురు, ఇన్ని పొందినవాడు. అంటే నేను. భాగవతం ఏడో స్కంధంలో నారదుడు ధర్మరాజుకి గృహస్థ ధర్మం చెబుతూ, కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకు మించి నాదనుకునేవాడు దొంగ, శిక్షకు తగినవాడు అంటాడు. రెండు గ్రంథాల్లోనూ ఒకటే మాట, దొంగ. రెండు చోట్లా ఆ మాట ఎక్కువ ఉన్నవాడి మీదే పడింది. మైనస్ ముప్పై ఒకటి మీద కాదు.

మరి దాచుకోవద్దా? దాచుకోవాలి. పిల్లాపాపా ఉన్న సంసారి రేపటి గురించి ఆలోచించకపోతే అది వైరాగ్యం కాదు, బాధ్యత తప్పడం. నేను ఈఎంఐ డబ్బు ఇంకా పక్కన పెడుతూనే ఉన్నాను. భయం కూడా పోలేదు.

షీట్ తీసేశాం. పస్తాపూర్‌లో లాగా అందరం కూర్చుని ఎవరింట్లో లేమి ఉందో చెప్పుకుందామని నేనంటే ఎవరూ ఒప్పుకోలేదు. అపార్ట్‌మెంట్లో ఎవరు చెబుతారు, మా ఇంట్లో లేదని? పల్లెలో అందరికీ తెలిసిన సంగతినే బయటికి అంటారు. ఇక్కడ తలుపులు మూసుకుని ఉంటాం. అందుకని లిఫ్టు పక్కన ఒక బుట్ట పెట్టాం. కోసినవి అందులో వేస్తాం. కావలసినవాళ్లు తీసుకుంటారు. అటు తిరిగి ఉన్న సీసీ కెమెరాని ఇటు తిప్పేశాం. దీనికే రెండు మీటింగులు పట్టాయి. ఒక ఫ్లాటువాళ్లు పొద్దున్నే వచ్చి సగం బుట్ట ఖాళీ చేస్తున్నారని గొడవ నడుస్తోంది ఇప్పుడు. నాక్కూడా మండుతుంది, అబద్ధం చెప్పను. వాచ్‌మన్ అక్క గ్రూపులో చేరింది. వాయిస్ మెసేజ్‌లు పెడుతుంది, ఏ మొక్కకి ఏం కావాలో.

పిన్నిగారు ఆ బుట్ట దగ్గరికి ఇంతవరకూ రాలేదు. శ్రావణ శుక్రవారం నాడు మా అమ్మని పేరంటానికి పిలిచారు. వాయనం సంగతి మీకు తెలుసుగా, ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు అనుకోవాలి, ఇచ్చే ఆవిడా అమ్మవారే, తీసుకునే ఆవిడా అమ్మవారే. ఇంటికొచ్చి చూస్తే శనగల కింద తమలపాకుల మధ్య ఆ వంద నోటు మడిచి పెట్టి ఉంది. అమ్మ వెంటనే తిరిగి ఇచ్చేయబోతే, "వాయనం వెనక్కి ఇవ్వకూడదు వదినగారూ" అన్నారట.

ఆ నోటు మా దేవుడి గూట్లో కృష్ణయ్య పటం ముందు ఉంది. నెల దాటింది. ఏం చేయాలో నాకు తెలియడం లేదు. మీకు ఏమైనా తోస్తే చెప్పండి.

జై శ్రీకృష్ణ.