తేనె ఎవరిది?

తోటలో తేనెటీగల పెట్టెను నిలుపుకొనిన యజమానుడు అందలి తేనె తనదని తలంచును. తోట తనది, పెట్టె తనది. ఇక వేరెవరికి హక్కు గలదు? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దానిలో పనివాని ప్రశ్నయు ఇమిడియున్నది.

తపతీ తీరమందలి సూరతును చూడుడి. పరిసర ప్రాంతములలో మామిడి, సపోటా తోటలు. నగరములో లక్షలాది మరమగ్గములు. తెలంగాణ జిల్లాలనుండి వలసవెళ్లిన పద్మశాలి కుటుంబములు అనేకము అక్కడ నేతపనిలో జీవించుచున్నవి. వారు నేసిన వస్త్రమును ధరించువారు వారి పేరు ఎరుగరు. తేనెటీగ సంగతియు అట్టిదే. గుమ్మడి, దోస తీగెలకు మగపువ్వులు వేరు, ఆడపువ్వులు వేరు. వాటి నడుమ పుప్పొడిని మోయు పురుగులు లేనియెడల కాయ నిలువదు. ఈగ తన ఆహారమునకై పువ్వును వెదకును; పొరుగువాని పాదు ఫలించును. ఆ మేలును పొరుగువాడు ఎరుగడు, ఈగయు ఎరుగదు. కాబట్టి తేనెను మాత్రమే తూచువాడు తేనెటీగ చేసిన పనిలో అధికభాగమును లెక్కింపక విడిచినవాడు.

పూర్వము పట్టును కోసి పిండినప్పుడు పిల్లపురుగులును నశించెడివి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను సంఘకాపరి, చట్రముల చుట్టు సుమారు ఒక సెంటీమీటరు సందు విడిచినచో ఈగలు దానిని మూసివేయవని గ్రహించి, చట్రములను పైకెత్తదగిన పెట్టెను కల్పించెను. గూడు చెడకుండ తేనె తీయుట సులభమాయెను. అయితే సులభమైనదంతయు న్యాయము కాదు. పూలు కరవైన దినములకై దాచుకొనిన తేనెనంతయు దోచినచో, చెట్టు తొర్రలలో నివసించు మన దేశపు తేనెటీగ ఆ పెట్టెను విడిచి లేచిపోవును.

ద్వితీయోపదేశకాండము పక్షిగూటిలో తల్లిని విడిచిపెట్టుమనుచున్నది; కళ్లము త్రొక్కు ఎద్దునకు నోటిమేత దక్కనిచ్చుచున్నది. తీసికొనుటను అది నిషేధింపలేదు; తీసికొను చేతికి హద్దు పెట్టినది.

సామెతల గ్రంథము సోమరిని చీమయొద్దకు పంపును. దాని ప్రాచీన గ్రీకు అనువాదము తేనెటీగయొద్దకును పంపుచున్నది. ఈ పాఠమును బోధకులు పనివానికి తరచుగా చెప్పుదురు. యజమానునికి చెప్పుట అరుదు. అతడును పెట్టెయొద్దకు వెళ్లి నేర్చుకొనవలసినది కలదు. మూత తెరచినప్పుడు తనకెంత వచ్చునని గాక, కరవు దినములకు వాటికెంత చాలునని మొదట చూడవలెను. మగ్గములు ఆగిన నెలలో నేతగాని యింటి పొయ్యిని గూర్చియు అట్లే విచారింపవలెను. తేనె మొదట కూర్చినవానిది, మిగిలినది యజమానునిది, పువ్వును పూయించిన దేవుడు ఉభయులను లెక్క అడుగును.