మోగని సైరన్

సబర్ చెయ్ బేటా, రోజీ పోగొట్టుకోకు అని చెప్పి మా ఇళ్లలోంచి పనికి పంపుతారు. విశాఖ ఫ్యాక్టరీల్లో, పోర్టులో కాంట్రాక్టు కూలీలుగా చేరిన మాకు ఈ సబర్ ఎందాకా ధర్మం, ఎక్కణ్ణించి నేరం?

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి నిద్రపోతున్న ఊరి మీద పడింది. 12 మంది పోయారు. వేడి కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది, కాగింది పై పొరలు! ప్రభుత్వ కమిటీ 21 కారణాలు తేల్చి, 20 యాజమాన్యానివే అంది. సైరన్ నొక్కే చోట్లు 36 ఉన్నా అది మోగలేదనీ రాసింది.

ఆ రాత్రి డ్యూటీ వాళ్లని మేం తప్పుపట్టడం లేదు. మీట ఉన్నంత మాత్రాన చెయ్యి లేవదు. మేం పనిచేసిన చోట్ల, వాల్వు కారుతోందన్నవాడికి మర్నాడు గేటుపాసు ఉండదు. 'నీకెందుకురా' అన్నది సూపర్‌వైజర్ రోజువారీ మాట. ఇక పేరు అడిగి, విని, ఓ చూపు చూసే చోట మా చెయ్యి ఇంకాస్త బరువు.

సబర్ అంటే మన ఆకలిని మనం ఓర్చుకోవడం. పక్క బస్తీ ఊపిరిని ఓర్పు కింద జమకట్టే హక్కు మాకెవరిచ్చారు? అయితే ఒంటరిగా నొక్కమంటే ఎవడు నొక్కుతాడు? పర్మినెంటు అన్నలూ, మీ యూనియన్లో మాకు కార్డెప్పుడిస్తారు?